పిడికిలి విప్పకుండా

నేల చల్లగా ఉంది. దుప్పటి పరుచుకున్నా ఆ చల్లదనం వీపులోకి పాకుతూనే ఉంది, అయినా బెర్నడెట్‌కి లేవబుద్ధి కావడం లేదు. రెండు మడమలూ గోడకి ఆనించి, కాళ్ళు పైకి చాపి, చేతులు పొట్ట మీద పెట్టుకుని పడుకుంది. గోడలకి రంగు అంటకుండా హాలువాళ్ళు ప్లాస్టిక్ పట్టాలు కట్టారు గానీ ఎక్కడ చూసినా గోధుమరంగు వేలిముద్రలే, తలుపు పిడి మీద, నీళ్ళ సీసాల మీద, స్నానాలగది అద్దం మీద ఎవరిదో నిండు అరచెయ్యి. ఈ నడవాలో పడుకున్న ఆడవాళ్ళందరూ ఒకే గంగాళంలో ముంచి తీసినట్టున్నారు. ఒంటికి పూసిన పూతలోంచి మాడిన పంచదార వాసన వస్తోంది, ఆ వాసన తగిలితే చాలు, ఎన్నేళ్ళయినా లోపలెవరో గజ్జె కట్టినట్టుంటుంది ఆమెకి. గోడకవతల కండల పోటీ వేదిక. మగవాళ్ళ తరగతి ఏదో నడుస్తోంది, పాటలో మాటలు వినపడవు, దడదడ ఒక్కటే నేలగుండా వచ్చి తల వెనక మోగుతోంది, చప్పట్లు మాత్రం గోడ దాటేసరికి దూరంగా పడే వానలా మెత్తబడుతున్నాయి. వీళ్ళయ్యాక ఇంకో తరగతి, ఆ తర్వాత తమ పిలుపు. ఓ గంట పట్టొచ్చు. పట్టనీ. పొద్దున్న తిన్న అన్నమూ, ఇందాక మరమరాల బిళ్ళల మీద రాసుకు తిన్న తేనే ఒంట్లో మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి ఒక్కో కండ తలుపూ తట్టి లోపలికి దూరుతున్నట్టు తెలుస్తోంది, తొడల్లో నిండుదనం, భుజాల్లో నిండుదనం, వారాల తరబడి ఎండగట్టిన ఒళ్ళు ఇవాళ్టికి మాత్రం తడిసిన శనగలా ఉబ్బుతోంది, ఇంత సుఖం ఇంకెక్కడైనా ఉంటుందా, ఉన్నా దానికి ఇంత ఆకలి ముందు పడాలా, ఏమో.

పక్కన జోసియాని కూడా కాళ్ళు గోడకి పెట్టి పడుకుంది. బ్రెజిల్ మనిషి. ఇద్దరి పాదాలూ పక్కపక్కన నాలుగు కుందేళ్ళలా ఉన్నాయి. ఇద్దరికీ మధ్య ఉన్న మాటలు ఒక దోసిట్లో పడతాయి, బాగుంది, ఆకలి, పిల్లాడు, చాలా పెద్దది, వెధవ జడ్జీ, అంతే, అయినా ఏటేటా ఏదో ఒక ఊళ్ళో ఏదో ఒక నడవాలో ఇలా పక్కపక్కన పడుకుని చుట్టాలకన్నా దగ్గరివాళ్ళయ్యారు. ఒకసారి మాంట్రియల్‌లో జోసియాని బికినీ పట్టీ తెగితే బెర్నడెట్ తన జుట్టుపిన్నుతో పట్టి నిలబెట్టింది, ఆ పిన్నుతోనే ఆమె రెండో బహుమతి కొట్టింది, అప్పట్నించీ కనపడితే చాలు బెర్నడెట్ తల తడిమి పిన్ను ఉందా లేదా అని వెతుకుతుంది. ఇవాళ పొద్దున్న పోలికల రౌండులో ఇద్దరినీ పక్కపక్కనే నిలబెట్టారు. మొదట పిలిచిన వాళ్ళలో బెర్నడెట్ పేరు లేదు. రెండోసారి పిలిచారు, పిలిచి ఒక చివర నిలబెట్టారు, తర్వాత మధ్యకి జరగమన్నారు, మళ్ళీ ఇటు జరగమన్నారు, కుర్చీలాటలా. ముందుకు తిరుగు, పక్కకి తిరుగు, వెనక్కి తిరుగు. అన్నిసార్లు జరిపారంటే ఏదో తేల్చుకోలేకపోతున్నారన్నమాట, తేల్చుకోలేకపోతున్నారంటే తను పోటీలో ఉందన్నమాట. మొదటి ముగ్గురికీ శరదృతువులో జరిగే ప్రపంచ పోటీకి పిలుపొస్తుంది. ఆ మాట మనసులో అనుకోవడానిక్కూడా జంకుగా ఉంది, పెళ్ళిచూపులయ్యాక కబురు కోసం కూర్చున్నట్టు.

హాల్లో ఎక్కడో వెరోనా పిన్ని ఉంది. పిన్నితోపాటు చర్చి వంటింటి బృందం మొత్తం దిగింది, చర్చి వ్యాను అడిగి తీసుకుని, తమ ఊరు మొన్‌వ్యాలీ నుంచి ఇంతదూరం, కొలంబస్‌కి. నిన్న శుక్రవారం, ఈస్టర్ ముందు ఉపవాసపు రోజుల్లో శుక్రవారమంటే చర్చి నేలమాళిగలో పీరోగీల అమ్మకం, బంగాళాదుంపా జున్నూ కూరి అంచులు నొక్కుతూ పొద్దుట్నించీ నిలబడి నిలబడి కాళ్ళు వాచి, మళ్ళీ తెల్లారకుండానే వ్యాను ఎక్కారు. పొద్దున్న పోలికల రౌండు అయ్యాక మెట్ల దగ్గర కనపడింది పిన్ని, పువ్వుల గౌను, మెళ్ళో సిలువ, చేతిలో నూనె మరకల పీరోగీల సంచీ. ఇప్పుడు తినకూడదు పిన్నీ అంటే నమ్మలేదు. ఒకటి తింటే ఏమవుతుంది, ఒకటే కదా అంది, తిననంటే పక్కనున్న జర్మనీ ఆమెకి పెట్టబోయింది, ఆమె పాపం కళ్ళనీళ్ళ పర్యంతమై వాసన మాత్రం చూసి దణ్ణం పెట్టేసింది. తర్వాత పిన్ని బెర్నడెట్‌ని ఎగాదిగా చూసి, మీ వాళ్ళందరిలోకీ నీ వెనకభాగమే బాగుంది, మా వరసలో అందరం అదే అన్నాం, అని తీర్పు చెప్పి వెళ్ళిపోయింది. జడ్జీలు తల పగలగొట్టుకుంటున్నారు గానీ పిన్ని వరస ఎప్పుడో తేల్చేసింది. నవ్వొచ్చింది బెర్నడెట్‌కి, నవ్వితే పొట్ట మీద కండలు బిళ్ళలు బిళ్ళలుగా కదిలాయి, జోసియాని కళ్ళు తెరిచి ఏంటి అన్నట్టు చూసింది. “పిన్ని” అంది బెర్నడెట్. “ఆ, పిన్ని. చాలా పెద్దది” అంది జోసియాని, గౌరవంగా, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆ నేలమాళిగలోనే కదా మొదలైంది. అమ్మ పోయాక పిన్ని దగ్గర పెరిగింది, బడి అయ్యాక చర్చి వంటింట్లో పిండి పిసికే పని. అంత పెద్ద పిండిముద్ద, తనకన్నా బరువుండేది, మోచేతుల దాకా దింపి తోస్తూ ఉంటే అది నెమ్మదిగా మాట వినేది, ఆ మాట వినే క్షణం భలే ఉండేది. కిందపడిన పశువు లేచి నిలబడ్డట్టు. ఒక వేసవి విందులో మగపిల్లలు బల్ల మీద మోచేతులానించి పంజా కలుపుతుంటే తనూ కూర్చుంది, ఒకణ్ణి పడుకోబెట్టింది, ఇంకొకణ్ణి, తర్వాత వాడి అన్నని, వాళ్ళ నాన్న వచ్చి మీసం దువ్వుతూ కూర్చున్నాడు, ఆయన్ని పడుకోబెట్టలేదు గానీ ఆయన మొహం బీట్‌రూట్ అయింది, చుట్టూ ఆడవాళ్ళు చెంచాలతో గిన్నెలు వాయించారు. ఆ చప్పుడు. ఆ తర్వాత వాన. ఏ వాన, ఆ, బస్సు రాని రోజు వాన, అప్పటికి పంతొమ్మిదేళ్ళుంటాయి, తలదాచుకోవడానికి తోసుకుని లోపలికి వెళ్ళిన తలుపు ఓటిస్ మాస్టారి జిమ్ తలుపు. అంతకు ముందు అది రొట్టెల బట్టీ. ఇప్పటికీ వాన పడితే గోడల్లోంచి రొట్టె వాసన వస్తుంది, ఇనుమూ చెమటా రొట్టే కలిసిన వాసన. ఓటిస్ ప్రూయిట్ అప్పట్లో రైల్వే యార్డులో పనిచేస్తూ సాయంత్రాలు జిమ్ నడిపేవాడు, నల్లగా, నిటారుగా, మీసంలో అప్పుడే తెలుపు. తడిసిన పిల్లని తల నుంచి కాళ్ళ దాకా చూసి, వాన తగ్గేదాకా ఊరికే నిలబడతావా, ఏదన్నా ఎత్తుతావా అని అడిగాడు. ఎత్తింది. కడ్డీ నేల వదిలి పైకి లేస్తుంటే వెన్ను వెంబడి ఒక వెచ్చటి దారం లాగినట్టయింది, కడ్డీ కింద పెట్టాక నవ్వు ఆగలేదు, ఎందుకు నవ్వుతున్నావని మాస్టారు అడగలేదు, ఆయనకి తెలుసు.

ఆ జిమ్‌లోనే పీత నేర్చుకుంది. పిడికిళ్ళు రెండూ బిగించి బొడ్డు ముందుకు తెచ్చి, భుజాలు ముందుకు విరిచి, మెడనరాలు తాళ్ళలా లేచేలా కిందికి వంగి నిలబడే పోజు, చూడ్డానికి అచ్చం గోళ్ళెత్తిన పీతలా ఉంటుంది. మగవాళ్ళు వేస్తే జనం ఈలలు వేస్తారు. ఆడవాళ్ళు వేస్తే సగంమంది ఈలలు వేస్తారు, సగంమంది చూపు తిప్పుకుంటారు. బెర్నడెట్‌కి మిగిలిన పోజులన్నీ కష్టపడి వచ్చాయి, ఇదొక్కటీ ఆవలింత వచ్చినట్టు వచ్చేసింది. అద్దంలో మొదటిసారి చూసుకున్నప్పుడు, అరె, ఇదిరా నేను, అనిపించింది, ఎవరో పరిచయం చేసినట్టు. అద్దం పక్కన గోడకి ఒక పాత పత్రికలోంచి చింపిన బొమ్మ ఉండేది, లొరెట్టా యార్‌బరో, మూడేళ్ళు వరసగా గెలిచిన మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ. టెనెసీలో పొగాకు తోటల్లో పెరిగిందట. ఆ నవ్వు కిందే ఏళ్ళకేళ్ళు బరువులెత్తింది బెర్నడెట్, అలసిపోయి కడ్డీ కింద పెట్టబోతే ఆ పళ్ళు ఇంకొక్కటి అనేవి.

ఆ లొరెట్టాయే ఇప్పుడు నడవాలో అటూ ఇటూ తిరుగుతోంది. అరవయ్యేళ్ళు దగ్గరపడ్డాయి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, నల్లకోటు, మెళ్ళో గుర్తింపు బిళ్ళ, చేతిలో పేర్ల కాగితాలు. పోటీదారుల్ని వరసలో నిలబెట్టి వేదిక మీదికి పంపే పని ఆవిడది. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. లొరెట్టా మోకాళ్ళ మీద కూర్చుంది, దుప్పటి అంచు సర్దుతున్నట్టు నటిస్తూ. బెర్నడెట్ లేవబోయింది.

“లేవకు, పడుకునే విను. ఇది నేను చెప్పకూడదు. చెప్పినట్టు ఎవరికీ తెలియకూడదు.”

“చెప్పండి లొరెట్టా గారూ.”

“మూడో స్థానం నీకివ్వాలా, ఆ పోలండ్ పిల్లకివ్వాలా అని ఊగిసలాడుతున్నారు. నీకు కండ మరీ ఎక్కువైందని ఇద్దరంటున్నారు. పాటకి ఒక్కదానివే పోజులిచ్చేటప్పుడు ఆ పీత వెయ్యకు. పిడికిళ్ళు బిగించకు. వేళ్ళు విప్పి, నడుం తిప్పి, నవ్వుతూ చేసుకుపో. వాళ్ళు నిన్ను చూసి బెదరకుండా చూసుకో, అంతే.”

“వెయ్యకపోతే మూడోది వస్తుందా?”

“వస్తుందని నేను చెప్పలేను. వేస్తే మాత్రం పోతుంది. అది నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది అమ్మాయీ?”

లేచి వెళ్ళిపోయింది. కోటు భుజాల దగ్గర బిగుతుగా ఉంది ఆవిడకి, ఎంత మానేసినా ఆ ఎముకల మీద కొంత మిగిలే ఉంది. ఆవిడ కథ అందరికీ తెలిసిందే. మూడేళ్ళు గెలిచాక నాలుగో ఏడు జడ్జీలకి సున్నితమైన ఆడవాళ్ళు కావలసివచ్చారు, ముందురోజు దాకా ఏ ఒంటికి కిరీటం పెట్టారో ఆ ఒంటికే ఆరో స్థానమిచ్చి పంపారు. మర్నాటి నుంచీ జిమ్‌లో అడుగు పెట్టలేదట. తర్వాత అదే సంస్థలో ఉద్యోగం. అంత దెబ్బ తిన్న మనిషి వచ్చి నాకు తగిలిన రాయి నీకు తగలకూడదని చెబుతోంది, ప్రేమతోనే చెబుతోంది. కోపమన్నా వస్తే బాగుండేది. వేళ్ళు విప్పి చూసుకుంది. వేళ్ళు విప్పడం ఏమంత కష్టం. నడుం తిప్పడం ఏమంత కష్టం. నలభై ఆరేళ్ళు తనకి, ఇంకెన్ని ఏళ్ళు ఎండగడుతుంది ఈ ఒళ్ళు, ఇంకెన్నిసార్లు ఇన్ని దేశాల ఆడవాళ్ళ మధ్య చివరి నుంచి మధ్యకి జరగమంటారు. ప్రపంచ పోటీ. ఒక్క పోజు మానేస్తే. పాట మధ్యలో అది వచ్చే చోట పక్కకి తిరిగి చెయ్యి చాపితే సరి, మాస్టారు తప్ప ఎవరూ కనిపెట్టరు. గోడవతల చప్పట్లు మళ్ళీ కురిసి ఆగాయి. ఎవరో గెలిచారు, ఎవరో ఓడారు.

ఒకసారి విప్పింది కదా వేళ్ళు. అది గుర్తు రాకూడదనుకుంది, వచ్చింది. పెద్ద కండల ఆడవాళ్ళ తరగతిని ఎత్తేసిన ఏడు. చూసేవాళ్ళు లేరన్నారు. మీరూ రావచ్చు, కండ తగ్గించుకుని తేలిక తరగతిలోకి రండి, అన్నారు. మాస్టారు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. బెర్నడెట్ తగ్గింది. బరువులు మానేసి పరుగెత్తింది, మాంసం మానేసి ఆకులు తింది, భుజాలు కరుగుతుంటే బట్టలు వదులై తలుపు వెనక తగిలించిన వాటిలా వేలాడేవి. పోటీకి వెళ్ళింది, వేళ్ళు విప్పి నవ్వింది, పదకొండో స్థానమో పన్నెండో, అది కాదు బాధ. తను పనిచేసే వృద్ధాశ్రమంలో ఇర్మా అనే ముసలావిడ ఉండేది, తొంభై దాటిన మనిషి, మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే బెర్నడెట్టే రావాలని పంతం పట్టేది. ఆ ఏడు ఒకరోజు ఎత్తబోతే చేతులు వణికాయి, ఇంకొకామెని సాయం పిలవాల్సి వచ్చింది. ఇద్దరూ కలిసి జాగ్రత్తగా మార్చారు. కుర్చీలో కూర్చున్నాక ఇర్మా కిటికీలోంచి నదికేసి చూసి, నువ్వు ఎత్తితే ఎగిరినట్టుండేదే, ఇప్పుడు సామాను దించినట్టుంది, అంది. తిట్టలేదు, ఊరికే అంది.

ఇక పిన్ని. పిన్ని ఏనాడూ ఈ కండల్ని మెచ్చుకోలేదు. ఆ మెడేమిటే, నీ పక్కన పెళ్ళికొడుకు నిలబడితే ఫోటోలో కనపడడు, అనేది. నిజంగానే ఒకాయన నిలబడ్డాడు, ఫోటోలో కనపడ్డాడు కూడా, కొన్నేళ్ళకి కనపడటం మానేశాడు, అది వేరే సంగతి, ఆయనకీ కండలకీ సంబంధం లేదు, ఆయనకి ఇంకో ఊరు నచ్చింది. పండక్కి కొన్న గౌను చేతుల దగ్గర పట్టకపోతే పిన్ని రుసరుసలాడుతూ కుట్లు విప్పి గుడ్డ అతికేది, ఏ ఆడపిల్లకైనా మోచేతి పైన ఇంత గుడ్డ పడుతుందా అంటూ. అలాంటి పిన్ని, ఆ తగ్గిన ఏడు, ఈస్టర్ ముందు వంటింట్లో, బెర్నడెట్ కోటు విప్పి చేతులు పైకి మడిచి పిండి దగ్గరికి రాగానే, చేతిలో పిండి వత్తే కర్ర అలాగే పట్టుకుని ఆగిపోయింది.

“ఏమే, అమ్మ భుజాలు ఏం చేశావే?”

“ఎవరమ్మ భుజాలు పిన్నీ?”

“మా అమ్మవి. ఇంకెవరివి. బొగ్గు బస్తా ఒక భుజాన, నన్ను ఒక భుజాన పెట్టుకుని మెట్లెక్కేది. అమ్మ పోయాక ఆ భుజాలు మళ్ళీ నీ దగ్గరే చూశాను. అలా ఎలా పారేసుకున్నావే?”

ఇన్నేళ్ళు రుసరుసలాడుతూ గుడ్డ అతికిన చేతులు ఆ భుజాల్ని తడుముకుంటున్నాయని అప్పటిదాకా తెలియలేదు బెర్నడెట్‌కి. అమ్మమ్మని తను చూడలేదు. చూడకుండానే మోస్తోంది. ఆ సోమవారమే మాస్టారి జిమ్‌కి వెళ్ళి కడ్డీ ముందు నిలబడింది. మాస్టారు దానికి ఇనుప బిళ్ళలు ఎక్కించాడు, కొంచెం తక్కువే ఎక్కించాడు, ఆమె ఇంకో రెండు ఎక్కించింది. మర్నాడు మెట్లు దిగలేకపోయింది, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ పెద్దగా నవ్వింది, పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు. తర్వాత తరగతి మళ్ళీ పెట్టారు. పెట్టకపోయినా ఎత్తేది. ఆ మాట ఇప్పుడే అనిపించిందా, అప్పుడే తెలుసా, అప్పుడే తెలుసు, పెట్టకపోయినా ఎత్తేది. ఇర్మా చివరి రెండేళ్ళూ ఎగురుతూనే ఉంది.

గోడమీంచి కాళ్ళు దించింది. రక్తం కిందికి దిగుతుంటే పాదాలు చీమలు పాకినట్టున్నాయి. లొరెట్టా చప్పట్లు కొడుతూ నడవా ఆ చివర నుంచి వస్తోంది, లేవండి, ఒళ్ళు వెచ్చబెట్టుకోండి, అంటూ, బెర్నడెట్ దగ్గరికొచ్చినప్పుడు మాత్రం చూపు నేలమీదికి దించుకుంది. అందరూ లేచారు. రబ్బరు తాళ్ళు లాగేవాళ్ళు, గోడకి చేతులానించి తోసేవాళ్ళు, చీలమండలు తిప్పేవాళ్ళు, ఊపిరి చప్పుళ్ళతో నడవా కొలిమిలా ఉంది. తాడు కాలికింద తొక్కిపెట్టి పైకి లాగుతుంటే భుజాల్లోకి వేడి వచ్చి కూర్చుంది, నిండింది, ఇంకొంచెం నిండింది, తోలు బిగిసి మెరిసింది. మాస్టారు వచ్చి వీపుకి నూనె రాస్తున్నాడు, ఇప్పుడు మీసం పూర్తిగా తెలుపు, చేతులు కొంచెం వణుకుతున్నాయి గానీ నూనె ఎక్కడా కారనివ్వడు.

“ఆ పాట మార్చమని నీకు ఏడాదిగా చెబుతున్నాను” అన్నాడు. “అందరూ ఉరుములూ మెరుపులూ పెట్టుకుంటారు. నువ్వు అకార్డియన్ పెట్టుకున్నావు.”

“మార్చనా మాస్టారూ?”

“ఇప్పుడెక్కడ మారుస్తావ్. వెళ్ళు.”

లొరెట్టా చెప్పింది ఆయనకి చెబుదామా అనుకుంది. చెబితే ఆయన ఏం చేస్తాడో తెలుసు, అద్దం లేకపోయినా ఏదో ఒకటి తుడుస్తాడు. చెప్పలేదు. వరసలో నిలబడింది. ముందు పోలండ్ పిల్ల, లేతమొహం, బెర్నడెట్ ఆమె వీపు మీద ఊడిన పట్టీ ముడి బిగించి తట్టింది, ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసి వెలుతురులోకి వెళ్ళింది. ఆమె పాట వినపడుతోంది, ఉరుములే. ఈలలు. తర్వాత తెర సందులోంచి లొరెట్టా చెయ్యి చాపి బెర్నడెట్ మోచెయ్యి పట్టుకుని, వేళ్ళు గుర్తుంచుకో, అని గుసగుసగా చెప్పి వదిలింది.

వెలుతురు. వెలుతురు ఒంటికి తగిలే వస్తువు, వెచ్చటి పిండిముద్దలా మీద పడుతుంది, దాని వెనక ఏమీ కనపడదు, నల్లటి గొయ్యి, గొయ్యిలో ఎవరో దగ్గారు. మొదటి పోజు పట్టి శిలలా నిలబడింది. అప్పుడు అకార్డియన్ మొదలైంది, చర్చి హాల్లో వాయించే బృందం వాయించిందే, పోల్కా, కుప్పించి దూకే తాళం, గొయ్యిలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు మీద ఇంకొందరు, తర్వాత నాలుగో వరసలోనో అయిదో వరసలోనో ఒక చోటి నుంచి చప్పట్లు తాళంలో పడ్డాయి, గట్టిగా, పిండి కొట్టి కొట్టి గట్టిపడిన అరచేతుల చప్పట్లు, అవి ఎవరివో చూడక్కర్లేదు. చేతులెత్తింది, తిరిగింది, తొడ ముందుకు జరిపి బిగించింది, తాళానికి సరిగ్గా ఒక కండ, తాళానికి సరిగ్గా ఇంకోటి, భుజం అదిరింది, హాలు పక్కుమని నవ్వింది, ఈసారి వెక్కిరింపు కాదు, పెళ్ళిలో నవ్వినట్టు. చప్పట్లు ఆ ఒక్క చోటి నుంచి పక్క వరసలకి పాకాయి. మోకాలు వంచి దిగి లేచింది, ఊపిరి ఎక్కడుందో తెలియడం లేదు, పాటలో ఆ చోటు వస్తోంది, అకార్డియన్ ఒక్క క్షణం ఆగి గుండెనిండా గాలి పీల్చుకునే చోటు. అక్కడ ఏం చెయ్యాలో తేల్చుకున్నానా, లేదా, చెయ్యి చాపితే, వేళ్ళు విప్పితే, వేళ్ళు. ఆలోచన ఇంకా అక్కడే ఉంది, చేతులు ఎప్పుడో కిందికి వచ్చేశాయి. పిడికిళ్ళు బిగిశాయి. భుజాలు రెండూ ముందుకు విరుచుకుని మెడ పక్కన కొండల్లా లేచాయి, అమ్మమ్మ లేచింది, బొగ్గు బస్తా లేచింది, లోపలున్న ఆకలీ తేనే వానా రొట్టె వాసనా అన్నీ ఒక్కచోట బిగుసుకుని, నోరు దానంతటదే తెరుచుకుంది, నవ్వా అరుపా తనకే తెలియదు. అకార్డియన్ దూకింది. మళ్ళీ వేసింది పీత. ఇంకోసారి, ఇంకా కిందికి వంగి, సరిగ్గా జడ్జీల బల్ల ముందు. ఆ బల్ల దగ్గర ఒకాయన కలం పట్టుకుని వెనక్కి ఆనుకున్నాడు, ఆ పక్కనావిడ ముందుకు వంగింది. హాలంతా లేచి కూర్చుందో నిలబడిందో, తాళం మాత్రం తప్పలేదు.

ఫలితాలు చెప్పేటప్పుడు అయిదుగురిని నిలబెట్టారు. అయిదో స్థానం జర్మనీ ఆమెకి. నాలుగో స్థానం, బెర్నడెట్ హూడక్. పోయింది. ప్రపంచ పోటీ పోయింది. లొరెట్టా చెప్పినట్టే, ఒక్క మెట్టు దగ్గర. పతకం మెళ్ళో వేయించుకోవడానికి తల వంచుతూ గుండె జారడం కోసం చూసింది, ఎత్తు మీంచి కిందికి చూసేటప్పుడు జారుతుందే అలా జారుతుందని. జారలేదు. ఉన్నచోటే కూర్చుని కొట్టుకుంటోంది, నిబ్బరంగా, పోల్కా ఇంకా వినపడుతున్నట్టు. చీకట్లోంచి పిన్ని గొంతు లేచింది. “నాలుగేమిటి? వీళ్ళ కళ్ళకేం మాయరోగం?” హాలు గొల్లుమంది, జడ్జీల్లో ఇద్దరు తలలు దించుకుని నవ్వారు. పోలండ్ పిల్ల మూడోదానికి తన పేరు వినగానే ఏడుస్తూ వచ్చి ముందు బెర్నడెట్‌ని కౌగిలించుకుంది, రంగూ రంగూ కలిసిపోయాయి. జోసియానికి రెండోది. కెనడా నుంచి వచ్చిన పొడుగావిడ గెలిచింది, గెలవాల్సిందే, ఆ తొడలు చూస్తే ఎవరూ కాదనరు. జోసియాని బెర్నడెట్‌ని నడుం పట్టుకుని పైకెత్తేసింది, ఫోటోలు తీసేవాళ్ళు అటు తిరిగారు. ఎత్తితే ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకి తెలిసింది, నిజమే, ఎగిరినట్టే ఉంటుంది.

తెర వెనక చీకటిగా ఉంది, కళ్ళు అలవాటు పడటానికి కొంతసేపు పట్టింది. అవతలి వైపు తర్వాతి తరగతి ఆడపిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. లొరెట్టా ఎదురుగా నిలబడి ఉంది, చేతిలో కాగితాలు లేవు. ఏమంటుందో అని బెర్నడెట్ ఆగింది. చెప్పిన మాట విననందుకు క్షమాపణ అడుగుదామని నోరు తెరిచింది గానీ అది అబద్ధమవుతుంది.

“చెప్పాను కదా” అంది లొరెట్టా.

“చెప్పారు.”

“మూడుసార్లు వేశావు. ఒకసారి వేస్తావేమో అనుకున్నాను. మూడుసార్లు.” ఆవిడ చుట్టూ ఒకసారి చూసింది, మెళ్ళో బిళ్ళ తీసి పక్కనున్న కుర్చీలో పెట్టింది. “మా రోజుల్లో జనం నా వీపు చూడ్డానికి టిక్కెట్టు కొనేవాళ్ళు, తెలుసా. ముందువైపు ఎవరికీ అక్కర్లేదు.”

అని గిరుక్కున వెనక్కి తిరిగింది. కాళ్ళు సరిచూసుకుంది, ఒక మడమ వెనక్కి పెట్టింది, చేతులు రెండూ పైకెత్తి మోచేతులు మడిచింది, పిడికిళ్ళు బిగించింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు, నల్లకోటు వేసుకున్న ముసలావిడ చేతులెత్తి నిలబడింది, అంతే. తర్వాత ఆ కోటు కింద ఏదో కదిలింది, ఏళ్ళుగా మూసి ఉన్న తలుపు రెక్కలు రెండు వైపులకీ తెరుచుకున్నట్టు వీపు విచ్చుకుంది, విచ్చుకుంటూనే ఉంది, పర్రుమని చప్పుడైంది. వరసలో ఉన్న పిల్లలు ఉలిక్కిపడి తిరిగి చూశారు. జోసియాని వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వెయ్యబోయి, అవతల వేదిక నడుస్తోందని గుర్తొచ్చి ఆపుకుంది.

“చిరిగిందా?” అంది లొరెట్టా, వెనక్కి తిరక్కుండానే.

“చిరిగింది లొరెట్టా గారూ.”

“ఎంత?”

“మెడ దగ్గర్నించి నడుం దాకా.”

“బాగుంది” అంది లొరెట్టా, చేతులు దించకుండా.